చేనేత మగ్గం మీద అరటి నార, రాగి తీగ, పాత చీరలు నేయొచ్చా? నా అనుభవంతో ఒక పెద్ద సమాధానం

ముందు మీ ప్రశ్న నాకెలా అర్థమైందో చెప్తాను. మీరు డిజైన్ కోర్సు చదివారు. మంగళగిరిలో ఒక నేతగారితో కలిసి పని చేయాలనుకుంటున్నారు. అరటి నార, రాగి తీగ, పాత చీరల పేలికలు, ప్లాస్టిక్ కవర్లు లాంటివి మగ్గం మీద నేసి చూడాలని మీ కోరిక. ఆయనేమో "మగ్గం పాడైపోద్దమ్మా, వద్దు" అంటున్నారు. ఇవి నిజంగా నేయొచ్చా, దేనితో మొదలుపెట్టాలి, ఆయన్ని ఎలా ఒప్పించాలి అని అడిగారు.

నేయొచ్చు. నేను నేత కుటుంబంలో పుట్టి, చాలా ఏళ్లుగా నేతగాళ్లతో కలిసి శాంపిళ్లు చేయిస్తున్నవాణ్ని. మీరు చెప్పినవన్నీ మగ్గం ఎక్కడం నా కళ్లతో చూశాను. కానీ మూడు షరతులు పెట్టుకోండి. కొత్త పదార్థం పేకలోనే (అడ్డంగా వేసే పోగు) వేయండి, పడుగు (మగ్గం మీద నిలువుగా లాగి కట్టే పోగులు) మాత్రం మామూలు నూలే ఉంచండి. ఆయన చీర పడుగు జోలికి పోకుండా ప్రయోగానికి విడిగా ఒక పొట్టి పడుగు వేయించండి. ఆ రోజులకు కూలి చీర లెక్కన కాకుండా రోజు లెక్కన ఇవ్వండి. ఆయన భయం చాలావరకు ఈ మూడింటితోనే పోతుంది. ఆయన భయపడటంలో తప్పేమీ లేదు, దాని సంగతి కింద చెప్తాను.

పడుగు విషయంలో ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మగ్గం మీద కష్టమంతా పడేది పడుగు పోగే. పేక పోగు నాడెలోంచి (పేకను అటూ ఇటూ మోసుకెళ్లే సాధనం) వచ్చి ఒక్కసారి పడుకుంటుంది, పన్నె (పేకను దగ్గరకు కొట్టే దువ్వెన లాంటి పలక) దెబ్బ తిని అక్కడే ఉండిపోతుంది. పడుగు పోగు అలా కాదు. అది ఎప్పుడూ లాగి పట్టి ఉంటుంది, కాలు తొక్కిన ప్రతిసారీ పైకో కిందకో సాగుతుంది, పన్నె పళ్ల మధ్య రాసుకుంటుంది. లెక్క వేసి చూడండి. బట్టలో అంగుళానికి 50 పేకలు పడుతున్నాయనుకుందాం. పన్నె ముందుకీ వెనక్కీ ఒక 8 అంగుళాల మేర ఆడుతుందనుకుందాం. అంటే పడుగు పోగులో ప్రతి చోటూ బట్టగా మారేలోపు దాదాపు 400 సార్లు రాపిడి తింటుంది. మనవాళ్లు పడుగుకు గంజి పెట్టేది ఈ రాపిడికి తట్టుకోవాలనే.

రెండో సంగతి సాగుడు. నూలు పోగు తెగేలోపు సుమారు 5 నుంచి 7 శాతం సాగుతుంది. పట్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. అరటి, జనపనార, గోగునార లాంటివి 2, 3 శాతానికి మించి సాగవు. కాలు తొక్కగానే పడుగులో సందు తెరుచుకోవాలి కదా, ఆ కాస్త సాగుడు కూడా లేని పోగు టప్పున తెగుతుంది. తీగ అయితే ఒకసారి సాగిందంటే మళ్లీ వెనక్కి రాదు, వదులుగా వేలాడుతుంది. ప్లాస్టిక్ ముక్క ఇష్టమొచ్చినట్టు సాగుతుంది. వీటిలో ఏదైనా పడుగులో పెడితే నేత మానేసి రోజంతా పోగులు ముడేసుకుంటూ కూర్చోవాలి. పేకలో అయితే ఈ బాధలేవీ ఉండవు. అందుకే మొదటి అడుగు పేకలోనే వేయమంటున్నాను.

ఇది కొత్తగా కనిపెట్టిన నియమమేమీ కాదు. మీ నేతగారితో మాట్లాడేటప్పుడు ఈ ఉదాహరణలు చెప్పండి, ఆయనకు మీకంటే బాగా తెలిసినవే. తుంగ చాప చూడండి. పడుగు తాడుది, పేక తుంగది. తుంగను ఎవరూ పడుగు చేయరు. మష్రూ అనే బట్టలో పడుగు పట్టు, పేక నూలు. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల పోగుల్ని ఒకే బట్టలో నిలబెట్టడానికే వాళ్లు ఒంటి పేకనూ అంచు పేకనూ ఒకదానికొకటి మెలేసి కలిపే కుప్పడం నేత పట్టుకున్నారు. పొందూరులో పత్తి శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ వాడతారు. దాని సన్నటి పళ్లు చేసే పని ఇంకే దువ్వెనా చేయలేదని పట్టుకున్న మనుషులకు ప్రయోగం అంటే ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే మంచి ఉదాహరణ జరీ. అసలు జరీ అంటే వెండి తీగే. లోహాన్ని మగ్గం మీద ఎలా నిలబెట్టారు? తీగను సన్నటి రేకులా అణిచి, పట్టు పోగు చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పూశారు. లాగుడంతా లోపలి పట్టు పోగు మోస్తుంది, మెరుపు బయటి వెండి ఇస్తుంది. బరువు మోసే పోగు వేరు, కంటికి కనిపించే పోగు వేరు. ఇదొక్కటి బుర్రలో ఉంచుకుంటే ఏ పదార్థం తెచ్చినా దాన్ని ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.

బయటి దేశాల్లోనూ దారి ఇదే. జర్మనీలో బౌహౌస్ అనే డిజైన్ బడిలో నేత నేర్చుకున్న అన్నీ ఆల్బర్స్ బెర్నావ్‌లోని ఒక కార్మిక సంఘ పాఠశాల సభామందిరం గోడకు బట్ట నేశారు. అందులో నూలుతోపాటు సెల్లోఫేన్ (గాజులా మెరిసే పల్చటి కాగితం లాంటిది) వాడారు. బట్ట ఒక పక్క శబ్దాన్ని పీల్చుకోవాలి, ఇంకో పక్క వెలుగును తిప్పికొట్టాలి. ఆ అవసరం కోసం సెల్లోఫేన్ వచ్చింది. 1930లో ఆమె డిప్లొమాకు చూపించిన పని అదే. మీరూ "ఏం పెడితే వింతగా ఉంటుంది" అని కాకుండా "ఈ బట్ట ఏ పని చేయాలి" అని మొదలుపెడితే పదార్థం ఎంచుకోవడం సులువవుతుంది.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

అరటి నార. మీ చుట్టుపక్కలే దొరుకుతుంది. గెల కోశాక బోదెను పొలంలోనే నరికేస్తారు, చాలాచోట్ల గట్టు మీద కుళ్లబెడతారు. దాని పొరల్లోంచి యంత్రం మీద నార తీస్తారు. బయటి పొరల నార ముతకగా, కాస్త గోధుమ రంగులో ఉంటుంది. లోపలికి వెళ్లేకొద్దీ సన్నగా, తెల్లగా, మెరుస్తూ ఉంటుంది. కొనేటప్పుడు ఏ పొర నారో అడగండి. అన్నీ కలిపి కట్టిన కట్ట తెచ్చుకుంటే బట్టలో ఒకచోట లావు, ఒకచోట సన్నం వస్తుంది.

ఒక్కో పోచ మీటరు, మీటరున్నర పొడవే ఉంటుంది. కాబట్టి కొనకు కొన కలిపి ముడేస్తూ పోవాలి. అసలు శ్రమ అక్కడే. జపాన్‌లో ఒకినావా దీవి కిజోకా గ్రామంలో బషోఫు అనే అరటి జాతి నార బట్ట నేస్తారు. ఫిలిప్పీన్స్‌లో అనాస ఆకు నారతో పీన్యా బట్ట నేస్తారు, 2023లో దానికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఈ రెండు చోట్లా బట్ట ఖరీదంతా నేతకంటే ముందు, చేత్తో పోచలు కలిపే పనిలోనే ఉంటుంది. మీరు ధర వేసేటప్పుడు ఈ ముడుల పని విడిగా లెక్కేయండి. ఇంట్లో కూర్చుని పోచలు ముడేసే ఆడవాళ్ల శ్రమ ధరలోంచి మాయమవడం నేను చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ కోపం వచ్చింది.

నారకు తడి అంటే ఇష్టం. ఎండితే పెళుసుగా విరుగుతుంది, తడి తగిలితే మెత్తబడి వంగుతుంది. కండెలు (నాడెలో పెట్టే పేక చుట్టలు) చుట్టాక తడిగుడ్డలో చుట్టి ఉంచి, ఒక్కొక్కటీ తీసి వాడండి. మే నెల మధ్యాహ్నం వడగాలిలో అరటి నార నేయకండి. ఉదయం పూటో, వానాకాలమో మంచిది. గుంటమగ్గం ఇక్కడ మీకు కలిసొస్తుంది. గుంటలో చల్లదనం పడుగుకూ పేకకూ రెండింటికీ మేలు.

పేకంతా అరటి నారే వేస్తే బట్ట అట్టలా బిగుసుకుంటుంది, మడత పడ్డచోట నార విరుగుతుంది. నా సలహా ఏమిటంటే ఒక నార పేక, తర్వాత రెండు మూడు నూలు పేకలు, మళ్లీ నార. నూలు దాన్ని పట్టి ఉంచుతుంది, నార మెరుపు ఎక్కడికీ పోదు. చీర చేయాలనుంటే కొంగులో చారలుగా వేయండి, కుచ్చిళ్లు పడే భాగంలో వద్దు. నాకు బాగా పేరు తెచ్చినవి కిటికీ తెరలు, టేబుల్ మీద పరిచే బట్టలు, లైటు చుట్టూ కట్టే గుడ్డలు. వెలుగు వెనకనుంచి వస్తే అరటి నార అందం చెప్పలేను, నేసినవాళ్లే ఆగి చూస్తారు. నూలు, పట్టుతో కలిపి అరటి నార చీరలు నేసేవాళ్లు చెన్నై పక్కన అనకాపుత్తూరులో ఉన్నారు. వీలైతే వెళ్లి చూడండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో "బనానా సిల్క్" పేరుతో వచ్చే మెత్తటి చీరల్లో చాలావాటిలో అరటి ఉండదు, రేయాన్ ఉంటుంది. కాల్చి చూస్తే తెలుస్తుందని కొందరు చెప్తారు. తెలియదు. అరటి నారైనా రేయానైనా సెల్యులోజే, రెండూ కాగితం కాలిన వాసనే ఇస్తాయి. తడిపి లాగి చూడటం కొంత నయం. రేయాన్ తడిస్తే బలం బాగా తగ్గిపోతుంది, నార తగ్గదు. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే ల్యాబ్‌లో సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే.

గోగునార, జనపనార. శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగు పంట పాతదే. నార అరటికంటే ముతక, దుమ్ము ఎక్కువ. సంచులకు, గోడకు వేలాడే బట్టలకు బాగుంటుంది. ఒంటికి తగిలే బట్టకు వద్దు, గుచ్చుకుంటుంది. ఎండ తగిలితే పసుపు తిరుగుతుంది, లేత రంగులు అద్దేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి. నేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. నేసేవాళ్లకే కాదు, పక్క మగ్గాల వాళ్లకూ చెప్పండి.

బూరుగు దూది, జిల్లేడు దూది గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. చూడ్డానికి పట్టులా ఉంటుంది కానీ ఒంటరిగా వడకడం కుదరదు. పోగు పొట్టిది, నున్నటిది, లోపల బోలు. పత్తి పోగులో ఉండే సహజమైన మెలిక వీటిలో లేదు, ఒకదాన్నొకటి పట్టుకోవు. పత్తిలో కొంచెం కలిపి వడికించుకోండి.

రాగి తీగ. దీనికి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మగ్గానికీ చేతికీ దెబ్బ తగిలేది దీనితోనే. మోటార్లు రీవైండింగ్ చేసే షాపుల్లో ఎనామిల్ పూత ఉన్న తీగ దొరుకుతుంది. 36 గేజీ అంటే 0.19 మిల్లీమీటర్లు, 40 గేజీ అంటే 0.12. ఈ రెంటి మధ్యలో ఏదైనా పేకకు పనికొస్తుంది. అంతకంటే లావుదైతే బట్ట కాదు, జల్లెడ అవుతుంది. ఎనామిల్ లేని రాగి కొన్నాళ్లకు నల్లబడుతుంది, సముద్రం దగ్గర ఊళ్లలో అయితే పచ్చగా చిలుము పడుతుంది. ఆ రంగే కావాలనుకుంటే అది వేరే సంగతి.

మామూలు నాడెలో తీగ వేస్తే మెలికలు పడుతుంది. కారణం చెప్తాను, ఇది తెలియక చాలామంది తీగను మధ్యలోనే వదిలేస్తారు. నాడెలో కండె కదలకుండా ఉంటుంది, పోగు దాని కొన మీదుగా జారుతూ వస్తుంది. అలా జారిన ప్రతి చుట్టుకూ పోగులో ఒక మెలిక చేరుతుంది. నూలుకు ఆ మెలిక లెక్కలోకి రాదు. తీగ మాత్రం ముడుచుకుని కొక్కెంలా లేస్తుంది, లాగితే అక్కడే తెగుతుంది. తీగ కండె తిరుగుతూ విప్పుకోవాలి, కొన మీదుగా జారకూడదు. కండె ఇరుసు మీద గిరగిర తిరిగే నాడె దొరికితే సరే. లేకపోతే చదునైన చెక్కకు చుట్టుకుని చేత్తో ఒక పక్కనుంచి ఇంకో పక్కకు అందివ్వండి. ప్లాస్టిక్ పట్టీలకూ, రేకు కాగితానికీ ఇదే సూత్రం. కొన మీదుగా జారితే పట్టీ తాడులా చుట్టుకుపోతుంది.

అంచు దగ్గర ఇంకో చిక్కుంది. రాగిని వంచిన చోటే మళ్లీ మళ్లీ వంచితే గట్టిపడి విరుగుతుంది. కాబట్టి అంచులో బిగించి తిప్పకండి, చిన్న గుండ్రం వదలండి. తీగ మొదలూ చివరా బయటికి ఉంచకుండా ఒక అంగుళం మేర లోపలికి మడిచి అదే సందులో పడుకోబెట్టండి. లేకపోతే నేసేవారి వేళ్లు కోసుకుంటాయి, తర్వాత కొన్నవాళ్ల వేళ్లు కోసుకుంటాయి. ఒక తీగ పేక వేస్తే కనీసం ఒక నూలు పేక వేయాలి. రెండు తీగలు పక్కపక్కన పడితే ఒకదాని మీద ఒకటి జారతాయి.

ఒక హోటల్ గోడకు నల్ల నూలు పడుగు మీద రాగి పేకతో పలకలు నేయించాను. చీర నేసే వేగంలో నాలుగో వంతు కూడా రాలేదు. కానీ ఆ బట్టను చేత్తో నలిపితే నలిపినట్టే ఉంటుంది, అలలా వంచితే అలలాగే నిలుస్తుంది. ఏ నూలు బట్టకూ రాని గుణం అది. అందుకే తీగను గోడ పలకలకు, లైట్లకు, తెరలకు వాడమంటాను. చీరకు, చిన్నపిల్లల బట్టలకు అసలు వద్దు. మెరుపే కావాలనుకుంటే మన జరీ ఉంది కదా.

పాత చీరలు. మీరు మొదట దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. నా ఓటు దీనికే. ఖర్చు లేదు, పదార్థం మెత్తటిది, సరైన మగ్గం మీద నేస్తే హాని లేదు, ఫలితం వెంటనే కనిపిస్తుంది. మన ఇళ్లలో పాత చీరలు బొంతలయ్యేవి. జపాన్‌లో పత్తి పండని చలి ప్రాంతాల్లో పాతబట్ట పేలికలతో నేసేవాళ్లు, దాన్ని సాకిఓరి అంటారు. పేదరికంలోంచి పుట్టిన ఈ రెండు పనులూ నాకు చాలా ఇష్టం.

నూలు చీరను కత్తెరతో కోయకండి. కొస దగ్గర చిన్న గాటు పెట్టి చింపండి, పోగు వెంబడి తిన్నగా వస్తుంది. ముప్పావు అంగుళం నుంచి అంగుళం వెడల్పు చాలు. ముందే నానబెట్టి ఉతకండి. ముదురు ఎరుపు, నల్ల చీరలు ఎన్నేళ్ల పాతవైనా రంగు వదులుతాయి, పక్కనున్న లేత పేలిక పాడవుతుంది. సింథటిక్ చీరలు చింపితే తిన్నగా రావు, కోయాల్సిందే. నూలునూ వాటినీ ఒకే బట్టలో కలపకండి, ఉతికాక ఒకటి ముడుచుకుంటుంది, ఇంకోటి ముడుచుకోదు.

ఒక చీరతో ఎంత చాప వస్తుందో చెప్తే చాలామంది నమ్మరు. అయిదున్నర మీటర్ల నూలు చీర బరువు సుమారు 400 గ్రాములు ఉంటుంది. పేలికల చాప దట్టంగా ఉండాలి కాబట్టి 2 అడుగులు, 3 అడుగుల చిన్న చాపకే దాదాపు రెండు చీరలు పడతాయి. ఒకావిడ చనిపోయిన వాళ్లమ్మ చీరలు తెచ్చి, పెద్ద తివాచీ నేయమన్నారు. లెక్క చెప్పాక మంచం పక్కన వేసుకునే చిన్న చాపకు ఒప్పుకున్నారు. ఏ చీర ఎక్కడ రావాలో ఆవిడే వరస పెట్టి ఇచ్చారు, మేం ఆ వరస మార్చలేదు.

ఒక జాగ్రత్త. పేలికలకు గట్టి దెబ్బ కావాలి. చీర మగ్గం ఆ దెబ్బకు చేసింది కాదు. వరంగల్ కొత్తవాడ వైపు డరీలు (మందపాటి నూలు తివాచీలు) నేసే మగ్గాలు దీనికి సరైనవి. మీ నేతగారు మంగళగిరిలో 80 నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) నేసే మనిషైతే, ఈ పని కోసం ఆయన్ని కష్టపెట్టకుండా డరీ నేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి.

ప్లాస్టిక్. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో కుక్మా ఊళ్లో ఉన్న ఖమీర్ సంస్థ వాడేసిన ప్లాస్టిక్ కవర్లు కడిగి, రంగుల వారీగా వేరుచేసి, పట్టీలుగా కోసి, నేతగాళ్లతో నేయిస్తుంది. సంచులకు, చాపలకు బాగుంటుంది. పట్టీని లాగి నేస్తే మాత్రం మగ్గం దించాక వెనక్కి ముడుచుకుని బట్ట గిన్నెలా వంగుతుంది. అందుకే వదులుగా పరచాలి. పారేసిన కవరుకు ఇంకో బతుకు ఇస్తున్నాం అనుకుంటేనే దీనికి అర్థం ఉంది. రంగు బాగుందని కొత్త కవర్లు కొని కోయడం నాకు నచ్చదు. ఎండలో పెడితే పెళుసెక్కి పొడి రాలుతుంది కాబట్టి ఆరుబయట వాడే వస్తువులూ వద్దు. దీన్ని పర్యావరణ హితమైన బట్ట అని చీటీ కట్టి అమ్మకండి, వాడేసిన ప్లాస్టిక్‌తో నేసినది అని ఉన్నది ఉన్నట్టు రాయండి.

తుంగ, గడ్డి, తాటి నార, సన్నటి వెదురు పుల్లల్లాంటి పొట్టి పదార్థాలకు ముడులు వద్దు. బట్ట వెడల్పు పుల్ల పొడవుకంటే తక్కువ పెట్టుకుని, ఒక్కో పేకకు ఒక్కో పుల్ల చేత్తో పరచండి. ఇంగ్లండ్‌లో గుర్రపు తోక వెంట్రుకలతో కుర్చీ బట్ట నేసేది ఇలాగే. పడుగు నూలు, పేకకు ఒక్కో వెంట్రుక, బట్ట వెడల్పు తోక ఎంత పొడవుంటే అంత.

ఇప్పుడు మీ నేతగారి భయం గురించి. ఆయన మగ్గం మీద ఉన్న పన్నె 80 నంబరు నూలుకు సరిపడేంత దట్టమైనది. నార పీచు ఆ పళ్ల మధ్య ఇరుక్కుంటుంది, తీగ కొస తగిలితే పన్ను వంగుతుంది. ఒక్క పన్ను వంగినా ఆ తర్వాత నేసే ప్రతి చీరలో నిలువునా గీత పడుతుంది. ఆ గీత పడ్డ చీరకు మాస్టర్ వీవర్ (నూలు ఇచ్చి కూలికి నేయించుకునే ఆసామి) కూలిలో కోత పెడతాడు. నష్టం మీది కాదు, ఆయనది. అందుకే ఆయన వద్దంటున్నారు.

చీర పడుగు చివర మిగిలే ముక్క మీద చేద్దాం అని కూడా అడగకండి. ఆ కొసలకే తర్వాతి పడుగు పోగులు ఒక్కొక్కటీ అతుకుతారు. దాన్ని కోసేస్తే పోగులన్నీ మళ్లీ మొదట్నుంచీ పన్నెలోకి ఎక్కించుకోవాలి. అది రోజుల తరబడి పని.

మీరు చేయాల్సింది ఇది. వాడని ఒక పాత పన్నె, పల్చటిది, 20 నంబరుది (అంటే రెండు అంగుళాలకు 20 పళ్లు) సంపాదించండి. పంటికి రెండు పోగుల చొప్పున అంగుళానికి 20 పోగులు వస్తాయి. 2/20 నూలుతో (రెండు 20 నంబరు పోగులు కలిపి పేనినది) 15 అంగుళాల వెడల్పున, ఒక పది మీటర్ల పడుగు వేయించండి. మగ్గం ఖాళీ లేకపోతే బల్ల మీద పెట్టుకునే చిన్న శాంపిల్ మగ్గం కొనుక్కోండి లేదా అద్దెకు తీసుకోండి, ఆయన చీర మగ్గం ఆగకూడదు. పడుగు దగ్గరగా ఉంటే మీ కొత్త పేక కప్పుకుపోతుంది, కనిపించదు. పల్చగా ఉంటేనే నారా తీగా బయటపడతాయి.

డబ్బు సంగతి మొహమాటపడకుండా ముందే మాట్లాడండి. నేతగారికి చీరకో పడుగుకో లెక్క కట్టి కూలి వస్తుంది. శాంపిల్ నేసే రోజు ఆయన అడుగు బట్ట కూడా దించకపోవచ్చు, కానీ ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగాలి. మామూలుగా చీర మీద రోజుకు ఎంత పడుతుందో అడిగి, అంతకు కొంచెం ఎక్కువ కలిపి రోజు కూలి ఇవ్వండి. శాంపిల్ పాడైనా ఇవ్వండి. డిజైనరు పేరుతో ఎగ్జిబిషన్‌లో పెట్టేటప్పుడు నేసిన వారి పేరు కూడా, ఆయన ఒప్పుకుంటే, చీటీ మీద వేయండి. ఏ నార ఎంత తడిపితే వంగుతుంది, ఏ పేక తర్వాత ఏది పడాలి అన్నది చివరికి ఆయన చెయ్యే కనిపెడుతుంది. దాన్ని "నా ఆవిష్కరణ" అని రాసుకోవడం అన్యాయం.

అమ్మే ముందు ప్రతి శాంపిల్ నుంచి జానెడు ముక్కలు రెండు కోయండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదాన్ని కొలిచి, మూడుసార్లు ఉతికి, నీడలో ఆరేసి మళ్లీ కొలవండి. నూలు పడుగు ముడుచుకుంటుంది, నారా తీగా ముడుచుకోవు, బట్ట అలలు తేలుతుంది. పడుగు నూలును ముందే నానబెట్టి ఉడికించుకుంటే ఇది చాలావరకు తగ్గుతుంది. తర్వాత ఒకే మడత మీద ఓ వంద సార్లు మడిచి విప్పి చూడండి. పోగు విరిగితే అది మడతపెట్టే వస్తువుకు పనికిరాదు, పరిచేదానికో వేలాడేదానికో మార్చుకోండి. మంగళగిరి చీరకు జీఐ (ఆ ఊరి పేరుకు చట్టం ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది కాబట్టి, మంగళగిరిలో నేసినా సరే, అరటి నార కలిపిన చీరను "మంగళగిరి చీర" అని అమ్మకండి. పడుగు ఏది, పేక ఏది, ఎంత శాతం అని స్పష్టంగా రాయండి.

సాయం కోసం విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ వీవర్స్ సర్వీస్ సెంటర్లు ఉన్నాయి. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరు మీద ఉన్న చేనేత సాంకేతిక సంస్థ ఉంది. అరటి నార తీయడం గురించి తిరుచ్చిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రాన్ని అడగండి. మీ పన్నె నంబరు, మగ్గం వెడల్పు, ఏ వస్తువు చేయాలనుకుంటున్నారో కింద రాయండి. అంగుళానికి ఎన్ని పోగులు, ఏ పేక తర్వాత ఏ పేక అన్నది లెక్క కట్టి పెడతాను.